పెండింగులో ఉన్న చేపలు

మత్స్య ఆరోగ్య పరిశోధన కేంద్రంలో చేపలకు తీరని అన్యాయం జరుగుతోందని మొట్టమొదట కనిపెట్టిన ఘనత, చేపను పులుసులో తప్ప మరెక్కడా దగ్గరగా చూసి ఎరుగని ఒక అధికారికి దక్కింది. ఆయన పేరు వడ్లమాని శరభయ్యగారు. హోదా, సంతృప్త స్థాయి అమలు పర్యవేక్షణాధికారి. ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఏ పథకమైనా అర్హులైన ప్రతి ఒక్కరికీ, ఒక్కరూ తప్పిపోకుండా అందిందా లేదా అని చూడడం ఆయన ఉద్యోగం. మనుషుల విషయంలో ఆ పని ఎంతవరకు పూర్తయిందో తెలియదు గానీ, ఆ ఏడు ఆయన తనిఖీ పరిధిలోకి పరిశోధనా కేంద్రాలు కూడా వచ్చాయి.

కేంద్రం కొల్లేటి అంచున, కాలువ గట్టు మీద ఉంటుంది. అందులో డాక్టర్ అద్దేపల్లి కమలిని అనే శాస్త్రవేత్త చాలా ఏళ్లుగా ఒకే ఒక్క ప్రశ్న వెంట పడి ఉంది. ప్రతి ప్రాణికీ పుట్టుకతోనే ఒక కాపలా ఉంటుంది. ఒంట్లోకి ఏ క్రిమి వచ్చినా, అది ఎవరు ఏమిటని విచారించకుండా వెంటనే మీద పడే తెల్ల కణాల కాపలా. ఆ క్రిమికి తగ్గ ప్రత్యేకమైన ఆయుధాలు తరువాత తీరిగ్గా తయారవుతాయి. మొదటి దెబ్బ కాచుకోవలసింది మాత్రం ఈ పుట్టు కాపలావాళ్లే. జీబ్రా చేప అనే చారల చేప పిల్ల గుడ్డు పగిలి బయటపడ్డాక కొన్ని వారాల పాటు కేవలం ఈ కాపలా మీదే బతుకుతుంది. పైగా అది గాజులా పారదర్శకంగా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే, గాయం దగ్గరకు తెల్ల కణాలు పరుగెత్తుకు రావడం కళ్లారా చూడవచ్చు. కమలిని ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టేది కాదు.

ఆమె ప్రశ్న ఇది: ఈస్టు కణాల గోడలనుంచి తీసిన పదార్థాన్ని మేతలో కలిపి కొద్ది రోజులు పెడితే, ఈ కాపలా మరింత చురుకవుతుందా? అది తేల్చడానికి ప్రయోగశాలలో ఈ చారల చేపపిల్లల తొట్లు రెండు వరసలుగా ఉండేవి. కుడి వరస చేపలకు ఈస్టు మేత. ఎడమ వరసకు మామూలు మేత. తరువాత రెండింటిలోనూ పుండ్లు తెచ్చే క్రిమిని సమానంగా వదిలి, ఎన్ని బతికాయో చూడడం. సైన్సు చదివిన వారెవరికైనా ఇందులో వింత ఏమీ కనిపించదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

"కుడివైపు వాటికి రక్షణ మేత అందుతోంది. భేష్," అన్నారు శరభయ్యగారు తొట్ల మధ్య నడుస్తూ. "మరి ఎడమవైపు వాటికి?"

"వాటికి మామూలు మేతేనండి," అంది కమలిని.

"సరుకు అయిపోయిందా?"

"లేదండి. కావాలనే పెట్టడం లేదు."

శరభయ్యగారు ఆగిపోయారు. వెనకే వస్తున్న గుమాస్తా ఆయన వీపుకు గుద్దుకోబోయి నిలదొక్కుకున్నాడు.

"కావాలనే?"

"పోల్చి చూడడానికండి. పెట్టినవాటికీ పెట్టనివాటికీ తేడా కనిపిస్తేనే కదా, మేత పనిచేసిందని అనగలం."

"అంటే ఈ ఎడమవైపువి చనిపోతే మీకు సంతోషం అన్నమాట."

అబద్ధం చెప్పలేకపోవడం కమలినికి ఉన్న పెద్ద లోపం. ఒక్క క్షణం ఆలోచించి, "సంతోషమని కాదు గానీ, ఇవి ఎక్కువగా పోతేనే మాకు..." అంది.

"రాసుకోండి," అన్నారు శరభయ్యగారు గుమాస్తాతో.

వారం తిరక్కుండా నివేదిక వచ్చింది. "ఎడమవైపు తొట్లయందు నివసించుచున్న మత్స్యములను, కేవలము అవి ఎడమవైపున నివసించుచున్న కారణముచేత, రక్షణ పథకమునకు వెలుపల నుంచుట గమనించడమైనది. ఇట్టి వివక్ష సంతృప్త స్థాయి స్ఫూర్తికి విరుద్ధము. అర్హత గల ఏ మత్స్యమూ వంచితము కారాదు."

కేంద్రం డైరెక్టరు ముక్కామల విశ్వంభరరావుగారు ఒకప్పుడు రొయ్య మొప్పల మీద మంచి పరిశోధనే చేశారు. కుర్చీ వచ్చాక రొయ్యలను క్షమించి వదిలేశారు. ఆయన కమలినిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, నివేదికను రెండు వేళ్లతో, చెడిపోయిన చేపను పట్టుకున్నట్టు పట్టుకుని చూపించారు.

"చూడమ్మా కమలినీ. సైన్సు ఎక్కడికీ పోదు. రేపైనా ఉంటుంది, ఎల్లుండైనా ఉంటుంది. తనిఖీ అలా కాదు."

"పెట్టని చేపలు లేకపోతే ప్రయోగమే లేదు సార్. మీకు తెలియనిదా?"

"తెలుసమ్మా. తెలుసు కాబట్టే తలుపు వేసి మాట్లాడుతున్నాను."

ఆ మరుసటి రోజునుంచి రెండు వరసలకూ ఈస్టు మేత పడింది. వంచిత మత్స్య సంక్షేమ సంఘం ఏర్పడింది. దానికి శరభయ్యగారు అధ్యక్షులు, డైరెక్టరుగారు సభ్యులు, రైతుల తరఫున పక్క ఊరి చేపల రైతు మంతెన అబ్బాయిరాజు ప్రతినిధి. కమలిని ఆహ్వానితురాలు. ఆహ్వానితులకు మాట్లాడే హక్కు లేదు. సంజాయిషీ ఇచ్చే బాధ్యత మాత్రం ఉంది.

అయినా ఆమె ఒక ఉపాయం చెప్పింది. ఎడమ వరసకు ఈస్టు మేతలాగే కనిపించే, అదే రంగూ అదే వాసనా ఉన్న ఉత్త పిండిని పెడదామంది. చేపలకు తేడా తెలియదు, లెక్కించేవాళ్లకూ తెలియదు, ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది.

"అంటే మొన్న ఇవ్వకుండా వంచించారు," అన్నారు శరభయ్యగారు మెల్లగా. "ఇప్పుడు ఇచ్చినట్టు నటించి వంచిస్తామంటున్నారు. లబ్ధిదారులకు నకిలీ సరుకు పంపిణీ! దీనికి ఏ సెక్షను వర్తిస్తుందో తెలుసునా అమ్మా?"

తరువాతి సమావేశం నాటికి ఆయన దృష్టి చల్లపెట్టె మీద పడింది. అందులోని చిన్న గాజు సీసాల్లో ఏముందని అడిగారు. చేపలకు పుండ్లు తెచ్చే క్రిమి అని కమలిని చెప్పింది.

"ఈ కేంద్రం లక్ష్యం ఏమిటి?"

"వ్యాధి నివారణండి."

"నివారించవలసిన దానిని ప్రభుత్వ విద్యుత్తుతో చల్లగా ఉంచి పోషిస్తున్నామా?"

డైరెక్టరుగారు కిటికీలోంచి కాలువను చూస్తూ ఉండిపోయారు. సంఘం తీర్మానించింది: వ్యాధికారక క్రిమిని వినియోగించుటకు అభ్యంతరము లేదు, అయితే వినియోగమునకు పూర్వము దానిని బాగుగా ఉడకబెట్టవలెను.

ఉడకబెట్టిన క్రిమిని అన్ని తొట్లలోనూ సమానంగా పోశారు. చేపలకు కొంచెం అదనపు మేత దొరికినట్టయింది. ఒక్కటీ చనిపోలేదు. ఆ సాయంత్రమే విజయం ప్రకటించారు. కేంద్రం చరిత్రలో ఏ ప్రయోగమూ నూటికి నూరు శాతం సఫలం కాలేదు, ఇది అయింది. మేతకు 'మత్స్య కవచం' అని పేరు పెట్టి, గేటు మీద పెద్ద బోర్డు కట్టారు. బోర్డు మీద ఒక చేప డాలు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది.

ఇక కవచాన్ని సంతృప్త స్థాయికి తీసుకుపోవడమే మిగిలింది. కమలిని అసలు ప్రయోగంలో మేత కొద్ది రోజులు పెట్టి ఆపడం ఉండేది. దాన్ని రోజుకు మూడు పూటలా, ఏడాది పొడుగునా పెట్టాలని సంఘం మార్చింది.

"అది మంచిది కాదండి," అంది కమలిని. "కాపలావాణ్ణి మాటిమాటికీ లేపి, దొంగ వచ్చాడు, దొంగ వచ్చాడు అంటే, నిజంగా దొంగ వచ్చేవేళకు అలిసిపోయి పడుకుంటాడు. ఒంట్లోని కాపలా అయినా అంతే కావచ్చు."

"కాపలావాడు పడుకుంటే మెమో ఇస్తాం," అన్నారు శరభయ్యగారు.

ఆవరణలో ఉన్న ఏ చేపా తప్పిపోరాదు కనుక, ముందు గదిలో అలంకారానికి పెట్టిన గాజు తొట్టిలోని బంగారు చేపలకు కవచం అందింది. ఆ తరువాత ఎవరో క్యాంటీన్‌ను గుర్తు చేశారు. ఆవరణలోకి రోజూ ఉదయం చేపలు రావడం, అవి ఏ రక్షణా పొందకుండానే మూకుడులోకి పోవడం జరుగుతోంది. క్యాంటీన్ నడిపే వీరరాఘవమ్మ చేతికి సింహాచలం, అంటే తొట్ల దగ్గర మేత వేసే అటెండరు, ఒక కవచం పొట్లం తెచ్చి ఇచ్చాడు.

"చచ్చిపోయిన చేపకి రోగమేటయ్యా?" అందామె.

"నన్నడిగితే? మరణం మినహాయింపుకి కారణం కాదంట. కాయితం మీద రాసేరు."

"అయితే పులుసులో కలిపేత్తాను. ఉప్పు తగ్గించుకోవాలా?"

"అది రాయలేదు."

ఆ రోజు పులుసు చిక్కగా వచ్చిందని సిబ్బంది అంతా మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలును కూడా ఫలితాలలో చేర్చారు.

ఇదంతా కమలిని ఒక రకమైన వినోదంగానే భరిస్తూ వచ్చింది, అబ్బాయిరాజు ఆమె గదికి వచ్చేవరకు. ఆయన గుమ్మంలోనే చెప్పులు విడిచి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కిందటి చలికాలంలో అదే క్రిమి ఆయన చెరువులో పడి, శీలావతి చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలిన సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

"అమ్మగారూ, ఒక్క మాట చెప్పండి. ఈ కవచం పనిచేత్తదా, చెయ్యదా?"

"తెలీదు రాజుగారూ."

"అదేంటండీ! గేటు మీద నూటికి నూరని అంతేసి బోర్డెట్టేరు కదండీ!"

"బోర్డు పెట్టారు. తెలుసుకోవడం ఇంకా కాలేదు."

"నేనీసారి చెరువులో చేపపిల్ల డబుల్ దింపుదామనుకుంటన్నానండి. కవచం ఉండగా ఇరుకైతే మాత్రం ఏటి, అని మావోళ్లంతా అంటన్నారు. కిందటేడు పోయింది కూడా వచ్చేత్తదండి. ఇది కూడా పోతే... ఇంక నేను చెరువు గట్టెక్కలేనండి."

కమలిని నోటిదాకా "వద్దు" అన్న మాట వచ్చింది. కానీ తెలియకుండా వద్దనడం, తెలియకుండా పనిచేస్తుందనడం ఒకే జాతి అబద్ధాలని ఆమె నమ్మకం. ఇరుకు చెరువులో రోగం తొందరగా పాకుతుందని చెప్పింది. దానికి ఆయన, "అందుకే కదండీ కవచం!" అన్నాడు.

"చలి తగ్గేదాకా పిల్ల దింపకుండా ఆగగలరా?"

"పిల్లనమ్మే హేచరీవోడు ఫోను మీద ఫోనండి బాబూ. ఆగితే చెప్తారా మరి?"

"చెప్తాను," అంది కమలిని.

ఆయన వెళ్లాక, ఆ మాటను నిలబెట్టుకునే మార్గం తన దగ్గర ఒక్కటీ లేదని ఆమెకు అర్థమైంది. పెట్టని చేప అన్నది ఆవరణ మొత్తంలో ఎక్కడా లేదు. పులుసులో కూడా లేదు.

మార్గం మేత లారీ రూపంలో వచ్చింది. కవచాన్ని జిల్లా అంతటికీ పంచబోయే ముందు, కేంద్రం వెనక అప్పుడే కొత్తగా చేపలు దింపిన ఎనిమిది మట్టి చెరువులలో ఘనంగా ప్రారంభించాలని సంఘం నిర్ణయించింది. ఏడుపు ముఖంతో స్టోరు గుమాస్తా వచ్చి, సరుకు సగమే దిగిందని, మిగతా సగం ఎప్పుడు వస్తుందో కంపెనీవాళ్లకే తెలియదని చెప్పాడు. శరభయ్యగారి కనుబొమలు ముడిపడ్డాయి. సగం చెరువులను వంచించడమా? ప్రారంభోత్సవం ఆపడమా?

"విడతలవారీగా ఇద్దామండీ," అంది కమలిని.

శరభయ్యగారు తల ఎత్తి చూశారు. పరదేశంలో చాలాకాలం తిరిగి తిరిగి, హఠాత్తుగా సొంత ఊరి మాట చెవిన పడ్డ మనిషి ముఖంలో కనిపించే వెలుగు ఆయన ముఖంలో కనిపించింది.

"నాలుగు చెరువులు మొదటి విడత. నాలుగు రెండో విడత," అని ఆమె కొనసాగించింది. "రెండో విడతను మినహాయించినట్టు కాదు కదండీ?"

"ఎలా అవుతుందమ్మా! మినహాయింపు నేరం. పెండింగు పరిపాలన."

"మరి ఏ చెరువును ఏ విడతలో వెయ్యాలి?" అని డైరెక్టరుగారు కంగారుపడ్డారు. వాటిలో ఒక చెరువు ఆయన బంగళాను ఆనుకుని ఉంది. దాన్ని మొదట్లో పెడితే పక్షపాతం అంటారు. చివర పెడితే ఇంట్లో ఊరుకోరు.

"లాటరీ!" అన్నారు శరభయ్యగారు. "పారదర్శకంగా, ప్రజా సమక్షంలో, లాటరీ!"

కమలిని కొంగుతో నోరు మూసుకుని దగ్గింది. ఏ చేపకు ఏది దక్కాలో మనిషి ఇష్టానికి వదలకుండా చీటీలకు వదలాలని ఆమె చదివిన ప్రతి పాఠ్యగ్రంథమూ ఘోషిస్తోంది. ఎన్ని వినతులు పెట్టినా దక్కనిది, ఒక ప్లాస్టిక్ బకెట్టులో తనంత తానుగా వచ్చి పడుతోంది.

లాటరీ రోజున షామియానా వేశారు. డైరెక్టరుగారు చొక్కా చేతులు పైకి మడిచి, కళ్లు మూసుకుని బకెట్టులోంచి చీటీలు తీశారు. చెరువు పేరు పిలిచినప్పుడల్లా సింహాచలం ఆ చెరువు తరఫున లేచి నమస్కారం పెట్టాడు.

"చెరువులకి లాటరీ ఏంటండీ, ఇళ్ల స్థలాలకి లాగ!" అన్నాడు అబ్బాయిరాజు, కమలిని పక్క కుర్చీలో. "నాకేటో మతి పోతందండి."

"మీకు ఇచ్చిన మాట కోసమే ఇదంతా, రాజుగారూ."

"నా కోసం ఇంత తిరనాళ్లా?"

చలి ముదిరాక కాలువ నీటితో పాటు క్రిమి వచ్చింది. దానికి ఎవరూ అనుమతి ఇవ్వలేదు. దాన్ని పట్టి ఉడకబెట్టడం ఎవరి చేతా కాలేదు. అది ఎనిమిది చెరువుల్లోకీ ఏ వివక్షా లేకుండా వెళ్లింది. సింహాచలం తెల్లవారగానే వలతో చచ్చిన చేపలను దేవి, చెరువు చెరువుకూ వేరుగా గట్టు మీద పోసేవాడు. కమలిని స్వెట్టరు మీద శాలువా కప్పుకుని లెక్క చూసేది.

మొదటి విడత గట్ల మీద కుప్పలు పెద్దవయ్యాయి. రెండో విడత గట్ల మీద చిన్నవిగానే ఉన్నాయి. ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. మూడోసారి సింహాచలం చేత లెక్కపెట్టించింది. తేడా నిజమే. పూటపూటకూ కవచం తిన్న చేపలే ఎక్కువగా పోతున్నాయి.

అది ఆమె ఈస్టు. ఆమె ఎన్నో ఏళ్ల ఆశ. ఆ చేపల కుప్ప ముందు నిలబడి, తన ఆలోచనే తప్పేమో అనుకుంది. అయితే కాసేపటికి, అలిసిపోయిన కాపలావాడు గుర్తుకు వచ్చాడు. మూడు పూటలా పెడితే చెడిపోయిందని తేలింది. కొద్ది రోజులే పెడితే ఏమవుతుందో తేలలేదు. ప్రశ్న ఇంకా బతికే ఉంది.

ఆ పొద్దుటే అబ్బాయిరాజుకు కబురు చేసింది. ఆయన సైకిలు గట్టు మీదే పడేసి వచ్చాడు.

"ఇప్పుడు తెలిసింది రాజుగారూ. వీళ్లు చెబుతున్నట్టు పెడితే కవచం పనిచెయ్యదు. పైగా చెరుపు చేస్తోంది. దీన్ని నమ్ముకుని పిల్ల ఇరుగ్గా వెయ్యకండి. పలచగా వేసుకోండి."

ఆయన రెండు వరసల కుప్పలనూ చూశాడు. "మరి ఆ బోర్డు?"

"బోర్డులో చేపలు పెంచడం లేదు కదండీ."

ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే జేబులోంచి ఫోను తీశాడు. "ఒరే, సగం పిల్లే పంపు... ఆఁ, సగవేరా! ఎందుకేటి? డాటరమ్మగారు చెప్పేరు... బోర్డేటి, నీ మొహం! బోర్డు ఈతాడతదా?"

కమలిని నివేదిక సంఘానికి అందిన మర్నాడే శరభయ్యగారు కారు దిగారు. ఈసారి ఆయన వెంట ఇద్దరు గుమాస్తాలు. గదిలో ఒక మూల సింహాచలాన్ని నిలబెట్టారు.

"పథకం అందినవి మరణించాయి. అందనివి జీవించి ఉన్నాయి," అన్నారు శరభయ్యగారు. "దీనికి ఒక్కటే వివరణ."

"చలి..." అని డైరెక్టరుగారు నసిగారు.

"చౌర్యం."

ఆయనే విశదీకరించారు. కవచం నూటికి నూరు శాతం సఫలమని ఈ సంఘమే ధ్రువీకరించింది. కనుక బతికిన చేపలు దాన్ని తిన్నాయి. చచ్చినవి తినలేదు. అనగా మొదటి విడత సరుకును ఎవరో చీకటి మాటున అనర్హులైన రెండో విడత చేపలకు తరలించారు. మేత వేసే చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి ఇప్పుడు ఈ గది మూలనే ఉంది.

"నేనెందుకు దోచిపెడతానండీ!" అన్నాడు సింహాచలం. "ఆ నాలుగు చెరువుల చేపలూ నాకేవన్నా చుట్టాలా? నాకు ముగ్గురు పిల్లలండి బాబూ. ఉజ్జోగం తియ్యకండి."

కమలిని లేచి నిలబడింది. మేత తరలలేదని, కవచం మోతాదే చెరుపు చేసిందని తన నివేదికలో ఉన్నదే మళ్లీ చెప్పబోయి, శరభయ్యగారి ముఖం చూసి ఆగింది. ఆ ముఖంలోకి ఆ దారిన ఏదీ వెళ్లదు.

"ఇంత పెద్ద నేరారోపణను రుజువు లేకుండా చెయ్యడం భావ్యమేనా అండీ?" అంది.

"ఎన్నటికీ కాదు," అన్నారు శరభయ్యగారు, నొచ్చుకున్నట్టు. "విచారణ శాస్త్రీయంగా జరగాలి." ఆయన కళ్లు సగం మూసి చెప్పసాగారు, గుమాస్తాలిద్దరూ రాసుకోసాగారు. "రెండు వరసల తొట్లు ఏర్పాటు చేయవలెను. ఒకే వయసు, ఒకే జాతి చేపలను సమానముగా వేయవలెను. ఒక వరసకు కవచము పెట్టవలెను. రెండవ వరసకు ఎట్టి పరిస్థితులలోను రవ్వంతయు పెట్టరాదు. రెండింటికిని తాళము, కాపలా. చౌర్యమునకు అవకాశము లేనప్పుడు ఏవి జీవించునో, ఏవి మరణించునో చూడవలెను."

డైరెక్టరుగారు బల్ల కిందికి చూస్తున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"క్రిమి సంగతి ఏం చెయ్యమంటారండీ?" అని కమలిని వినయంగా అడిగింది. "ఉడకబెట్టాలా?"

"ఉడకబెట్టిన సాక్ష్యం ఏ విచారణలోనూ చెల్లదమ్మా. సజీవంగానే ప్రవేశపెట్టండి."

"అలాగేనండి. ఇంకొక చిన్న మనవి. మూడో వరస కూడా పెడితే బాగుంటుందేమో. దానికి కవచం కొద్ది రోజులే, కొంచెం కొంచెంగా పెట్టి ఆపేద్దాం."

"అది దేనికి?"

"సరుకంతా ఒక్కసారి ఎత్తుకుపోయేవాళ్లు కొందరు, అప్పుడప్పుడూ పిడికెడు పట్టుకుపోయేవాళ్లు కొందరు ఉంటారు కదండీ. చిల్లర దొంగతనం జరిగితే చేపలు ఎలా ఉంటాయో కూడా విచారణకు తెలియాలి."

శరభయ్యగారు ఆమె వైపు మొదటిసారిగా గౌరవంతో చూశారు. ఇంతకాలం ఈ అమ్మాయి బుర్రను పరిశోధనలకు వృథా చేశారే అన్న జాలి కూడా ఆ చూపులో ఉంది. మూడో వరస మంజూరయింది.

మధ్యాహ్నానికల్లా సింహాచలం తొట్లు కడిగి, నీళ్లు పట్టి, మూడో వరస మీద సుద్దముక్కతో 'చిల్లర దొంగతనం' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. కమలిని ఈస్టు మేతను తక్కెడలో చిటికెడు చిటికెడుగా తూచి, ఆ దొంగతనాన్ని స్వహస్తాలతో ప్రారంభించింది.